విప్పిన పులస

నరసాపురం,
5 ఆగస్టు 2025

తమ్ముడూ రమేషూ,

ఈ ఉత్తరాన్ని కొంగలా మడిచాను. ముక్కు పట్టుకుని మెల్లిగా లాగితే అదే విచ్చుకుంటుంది. పోయినసారి క్రిస్టినా కత్తెరతో అంచు కోసి తెరిచిందని రాశావు చూడు, అది చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. నలభై ఏళ్లు ప్రెస్సులో ఫారాలు మడతపెట్టిన చేతులతో ముచ్చటపడి మడిచి పంపితే, మీ ఆలుమగలు కోడిని కోసినట్టు కోస్తే ఎలాగరా. ఈసారి కత్తెర దాచెయ్యి.

నా ఒంట్లో బాగానే ఉంది. చెవులు ఎప్పట్లాగే ఉన్నాయి. పాస్టరుగారు మైకులో ప్రసంగిస్తే సగం వినపడుతుంది, మైకు తీసి ప్రార్థన చేస్తే అదీ లేదు. పెదాలు చూసి ఆమెన్ అనేస్తున్నాను. మెసేజీలకైనా పనికొస్తుంది ఫోను కొనుక్కోమని మళ్లీ రాశావు. ఆ బుల్లి అద్దం మీద అక్షరాలు పొడుస్తూ కూర్చుంటే నాకు ఏడుపొస్తుంది. కాగితమే నయం.

ముఖ్యమైన సంగతికొస్తాను. శివరామకృష్ణగారని రాజమండ్రిలో ఒకాయన నవంబరులో చేతిపనుల ప్రదర్శన పెడుతున్నారు. క్రిస్మస్‌కి మన చర్చిలో నేను మడిచి వేలాడదీసిన నక్షత్రాలు ఎవరి ఫోనులోనో చూశారట, వెతుక్కుంటూ ఇంటికొచ్చారు. బల్ల మీద నా కాగితపు పులస చేప ఉంది. ఆయన దాని చుట్టూ తిరిగి, వంగి చూసి, "ఇది మా హాల్లో పెడతానమ్మా" అన్నారు. నా సంగతి తెలిసి అరిచి మరీ చెప్పారు కాబట్టి నేను పొరపాటుగా వినలేదు. నాకు అరవై మూడేళ్లొచ్చాయి. నా మడతల కోసం ఒక మనిషి ఊరు దాటి రావడం ఇదే మొదలు.

పులస సంగతి నీకు తెలిసిందే. ఒక్కటే కాగితం, కోత లేదు, జిగురు లేదు. గుడ్ ఫ్రైడేకి ముందు మొదలెట్టాను. పొలుసులన్నీ మడతలే. తల, ఒళ్లు, రెక్కలు అన్నీ కుదిరాయి గానీ తోక దగ్గర చిన్న ఉబ్బు వస్తోంది. ఎంత నొక్కినా మళ్లీ లేస్తుంది. రోజూ దాన్ని పైకే తిట్టుకుంటున్నాను.

పక్క వాటాలోకి అచ్చాయమ్మగారని ఒకావిడ దిగింది. ఆవిడది లేసు అల్లే పని, వయసు ఇంచుమించు నాదే. మొదటిరోజు తలుపు కొట్టి కొట్టి, నేను పలక్కపోయేసరికి లోపలికే వచ్చేసింది. నా గుండె జారిపోయింది. మర్నాడు మళ్లీ వచ్చింది. గుమ్మం దగ్గర చాప వేసుకుని, వెలుతురు బాగుందని సైగ చేసి, అల్లుకుంటూ కూర్చుంది. నా చెవి సంగతి తెలిసినవాళ్లు అరుస్తారు, లేకపోతే రావడమే మానేస్తారు. ఈవిడ రెండూ చెయ్యదు. నేను మడుచుకుంటుంటే తను అల్లుకుంటుంది, పొద్దు వాలాక చాప చుట్టుకుని వెళ్లిపోతుంది. మొదట్లో చిరాకేసింది. మొన్న ఒకరోజు రాకపోతే గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నాను. ఇదేంటి నాకిలా అయింది అనుకున్నాను.

ఆవిడ నాకొక లేసు పువ్వు అల్లి ఇచ్చింది. అరచేతంత ఉంటుంది. దారం కొసకి ముడి వెయ్యకుండానే ఇచ్చి, ఆ కొస నా వేలికి చుట్టి, లాగమని సైగ చేసింది. లాగితే ఒక కుట్టు ఊడొచ్చింది. "అయ్యో, ముడెయ్యడం మరిచిపోయారండీ" అన్నాను. ఆవిడ నవ్వి మళ్లీ లాగమంది. ఎంత మతిమరుపు మనిషో పాపం. కొస వేలాడుతుంటే నా చేతులు ఊరుకోవు కదా, నేనే గట్టిగా ముడివేసి, అమ్మ ఫోటో ఫ్రేములో అద్దం కింద అందంగా పెట్టాను. మర్నాడు చూపిస్తే ఆవిడ ముఖం అదోలా అయింది. అద్దం కింద పెట్టడం నచ్చలేదేమో. బదులుగా ఒక పీతని, ఒక పడవని, ఒక కొంగని మడిచి ఇచ్చాను. కళ్లకద్దుకుని తీసుకుంది.

నీ మోకాలికి వేణ్ణీళ్ల కాపడం మానకు.

అక్క,
ప్రసన్నకుమారి


జంగారెడ్డిగూడెం,
14 ఆగస్టు 2025

అక్కా,

నీ ఆజ్ఞ ప్రకారం కొంగ ముక్కు పట్టుకుని మెల్లిగానే లాగాను. ముక్కు నా చేతికొచ్చింది, కొంగ అలాగే ఉంది. క్రిస్టినా అవతలనుంచి కత్తెర తెచ్చి మిగతా పని కానిచ్చింది. "ఒదినగారికి చెప్పకండి" అంది, కాబట్టి నేను చెప్పలేదు.

రాజమండ్రి సంగతి చదివి ఇంటిల్లిపాదీ ఎగిరి గంతేశాం, మోకాలు తప్ప. పుస్తెలమ్మైనా పులస తినాలంటారు, మా అక్క పుస్తెలతో పనిలేకుండానే పులసని సంపాదించిందని తోటలో కూలీలందరికీ చెప్పుకున్నాను. వాళ్లు కాగితపు చేపకి ఇంత గోలేంటండీ అన్నారు. వాళ్లకేం తెలుసు. నవంబరుకి మా ఊరి బుల్లబ్బాయి కారు మాట్లాడి నేనే వస్తాను. పులస నీ ఒళ్లో, నువ్వు వెనకసీట్లో, నేను ముందు. ఈలోపల గెలలు కోయించుకోవాలి, తోటకి పందుల బాధ మొదలైంది. రాత్రి టపాకాయలు పేలుస్తున్నాం. నీకు వినపడదు గనక బతికిపోయావు.

ఇక ఆ లేసావిడ సంగతి. అక్కా, నువ్వు లోకం చూసినదానివి కాదు. ప్రెస్సు, చర్చి, ఇల్లు, అంతే నీ తిరుగుడు. అడక్కుండా ఇంట్లోకి వచ్చే మనిషి ఊరికే రాదు. పొద్దంతా కూర్చుని మాట్లాడదంటే మరీ అనుమానం. మాట్లాడే ఆడవాళ్లతో భయం లేదు, ఉన్నదంతా కక్కేస్తారు. సగం అల్లిన పువ్వు చేతిలో పెట్టి నీ దగ్గర మూడు బొమ్మలు పట్టుకుపోయింది చూశావా. పులసని బీరువాలో పెట్టి తాళం వెయ్యి. నీ తలుపుకి కూడా వెయ్యి.

నేనిలా రాశానని కోప్పడకు. నాన్న పోయేటప్పుడు నిన్ను చూసుకోమని నా చేతిలో పెట్టి పోయాడు. కోపమొస్తే ఆయన మీద తెచ్చుకో.

తమ్ముడు,
రమేష్ బాబు


నరసాపురం,
24 ఆగస్టు 2025, ఆదివారం

రమేషూ,

పులస పోయింది.

పొద్దున చర్చికి వెళ్లాను. తాళం వెయ్యలేదు. అచ్చాయమ్మగారు గుమ్మంలో ఉంటుంది కదా అనుకున్నాను. తిరిగి వచ్చేసరికి ఆవిడ నా బల్ల దగ్గర, నా కుర్చీలో కూర్చుని ఉంది. ముందు పెద్ద తెల్లకాగితం పరిచి ఉంది. కొత్త కాగితం తెచ్చిందేమో అనుకున్నాను. దగ్గరికెళ్తే కాగితం నిండా గీతలు. అవి నా మడతల గీతలు. పొలుసు పొలుసునా విప్పేసి, చేతులతో సాపు చేసి పెట్టింది.

బల్ల పట్టుకుని నిలబడ్డాను. ఆవిడ నవ్వుతోంది రమేషూ. నన్ను చూసి నవ్వుతూ, తోక ఉండే చోట వేలు పెట్టి ఏదో చెబుతోంది. ఆ పెదాలు ఏమన్నాయో నాకు తెలియలేదు. మంచి చెవులున్నా ఆ సమయానికి వినపడేది కాదు. "బయటికి నడవండి" అన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకోబోయింది, విదిలించి కొట్టాను. అంత గట్టిగా నేనెవర్నీ ఎప్పుడూ ముట్టుకోలేదు.

తర్వాత ఆవిడ వెనకాలే పక్క వాటాలోకి ఎందుకు వెళ్లానో నాకే తెలియదు. ఇంకా నాలుగు తిట్టాలనుకున్నానేమో. అక్కడ ఆవిడ చాప పక్కన పీత, పడవ, కొంగ ఉన్నాయి. మూడూ విప్పేసి ఉన్నాయి. చదునుగా ఒకదాని మీద ఒకటి పేర్చి పెట్టింది. కళ్లకద్దుకుని తీసుకెళ్లింది ఇందుకా. ఆవిడ గోడకి ఆనుకుని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను వచ్చేశాను.

దొంగిలించి ఉంటే అర్థమయ్యేది, అమ్ముకుందనుకునేదాన్ని. చించేసినా అర్థమయ్యేది, కడుపుమంట అనుకునేదాన్ని. విప్పడం ఏంటి? ఎవరైనా ఒకళ్ల పని విప్పుతారా? పొద్దుటినుంచీ ఆ కాగితం ముందే కూర్చున్నాను. నువ్వు చెప్పింది నిజమే, తాళం వెయ్యాల్సింది.

ఈ ఉత్తరం మడవలేదు. కవరులో పెట్టాను.

ప్రసన్నకుమారి


జంగారెడ్డిగూడెం,
31 ఆగస్టు 2025

అక్కా,

కవరు చూసే నా పై ప్రాణం పైనే పోయింది. నీ దగ్గర్నుంచి మడవని ఉత్తరం నా ఎరుకలో రాలేదు. క్రిస్టినా కత్తెర పట్టుకొచ్చి, కవరు చూసి, తిరిగి పట్టుకుపోయింది. ఆ చేప తల ఒక్కటే కుదిరినప్పుడు నువ్వు రాసిన ఉత్తరం నాకింకా గుర్తుంది. అన్ని నెలల పని, ఒక్క పూటలో. మనిషన్నవాళ్లు చేసే పనేనా ఇది.

నాకు తెలుసక్కా, ఈర్ష్య. నీకోసం రాజమండ్రినుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు, ఆవిడ కోసం ఎవరొచ్చారు? అదే మంట. నేనైతే ఊరుకునే రకం కాదు. ఉత్తరం అందిన రోజే ఇంటాయన వెంకటరాజుగారికి ఫోన్ చేశాను. "ఇలాంటి బుద్ధి ఉన్న మనిషిని మా అక్క పక్కన ఎలా పెట్టారండీ" అని గట్టిగానే అడిగాను. ఆయన నొచ్చుకుని, ఖాళీ చేయించేస్తానన్నాడు. రెండోరోజే చేయించేశానని ఆయనే ఫోన్ చేసి చెప్పాడు. నువ్వు అడగాల్సిన పని లేకుండా చేసిపెట్టాను. తమ్ముడనేవాడు ఎందుకున్నాడు మరి.

ఇక ఆ గుమ్మంలో ఎవరూ కూర్చోరు, నిశ్చింతగా ఇంకో పులసని మడువు. నవంబరుకి టైముంది. క్రిస్టినా జంతికలు పంపుతోంది, తిను.

రమేష్ బాబు


నరసాపురం,
19 సెప్టెంబరు 2025

రమేష్ బాబుకి,

ఇది చదివేటప్పుడు కూర్చుని చదువు. నేను కూర్చునే రాస్తున్నాను.

నీ ఉత్తరం రాకముందే పక్క వాటాకి తాళం చూశాను. సిగ్గుపడి తనే వెళ్లిపోయింది కాబోలనుకున్నాను. నువ్వు చేయించావని చదివాక, నిజం చెబుతున్నాను, మనసుకి కొంచెం హాయిగానే అనిపించింది. ఆ హాయి నాలుగురోజులు కూడా లేదు. గుమ్మంలో వెలుతురు అలాగే పడుతోంది, చాప లేదు. అది చూడలేక తలుపు వేసుకుని, పులసని మళ్లీ మడుద్దామని ఆ కాగితం ముందు కూర్చున్నాను. అప్పుడు చూశాను. కాగితం మొత్తం మీద ఒక్క చిరుగు లేదు. అన్ని మడతల చేపని విప్పితే మూలలు చిరగక తప్పదు, నేను విప్పినా చిరుగుతాయి. వేసిన వరసలో వెనక్కి, ఒక్కొక్క మడతా చూసుకుంటూ వస్తేనే ఇలా వస్తుంది. ఈర్ష్యతో విప్పే చేతులు ఇలా విప్పవు. నాకు అంతవరకే తెలిసింది.

నిన్న చిన్నమ్మాయని ఒకామె వచ్చింది. లేసు ఆడవాళ్లకి దారం ఇచ్చి, అల్లినవి పోగుచేసుకుపోయే మనిషి. అచ్చాయమ్మ కోసం వచ్చి, వీధిలోవాళ్లు చెప్పింది విని, మా ఇంట్లోకొచ్చింది. దాని గొంతు చర్చి గంటలాంటిది, ప్రతి మాటా నాకు వినపడుతుంది. ఇల్లంతా కలయజూసి అమ్మ ఫోటో దగ్గర ఆగిపోయింది. "ఇదేంటండీ, అచ్చాయమ్మ పువ్వుకి నిజంగానే ముడేసేశారు?" అంది.

వేలాడుతోందని వేశాను, తప్పేంటి అన్నాను. అది నెత్తి కొట్టుకుని చెప్పింది. వాళ్ల అరుగు మీద కూర్చుని అల్లే ఆడవాళ్లలో ఒక అలవాటు ఉందట. ఒకళ్ల చెయ్యి ఇంకొకళ్లకి నచ్చితే, ఒక పువ్వు అల్లి ముడి వెయ్యకుండా ఇస్తారు. పుచ్చుకున్నావిడ దాన్ని లాగి, కుట్టు కుట్టూ విప్పి, ఎలా అల్లిందో చూసి నేర్చుకుని, అదే దారంతో మళ్లీ అల్లి ఇస్తుంది. ఆ తర్వాత వాళ్లిద్దరూ జోడీ. చావైనా బతుకైనా ఒకళ్లకొకళ్లు. అందరి పువ్వులూ విప్పరట, మనసైనవాళ్లవే విప్పుతారు. పుచ్చుకున్నావిడ ముడేసేస్తే దానర్థం నీతో నాకు పనిలేదని.

రమేషూ, నేను ముడేశాను. ముడేసి, అద్దం బిగించి, పిలిచి మరీ చూపించాను.

చిన్నమ్మాయి ఇంకా చెప్పింది. "అయినా అచ్చాయమ్మ ఏమందో తెలుసాండీ. 'ముడైతే వేశారు గానీ కాగితం బొమ్మలు ఇస్తూనే ఉన్నారు, ఆవిడకి మాట వినపడదు, ఆవిడ పద్ధతి ఇదే కాబోలు, ఒక్కోటీ విప్పి నేర్చుకుంటున్నాను' అంది. తోక దగ్గర మీరేదో అవస్థ పడుతున్నారట, పెద్ద చేపని కూడా విప్పి, నేర్చుకుని, మీ ఎదురుగానే మళ్లీ మడుస్తానంది" అంది. ఆవిడ నవ్వుతూ వేలు పెట్టి చూపించింది అదన్నమాట. నేను తాళం వెయ్యకుండా చర్చికి వెళ్తే, తనకి ఎంతో పెద్ద పని ఇచ్చాననుకుని కూర్చుంది నా కుర్చీలో. నేను చెయ్యి విదిలించి కొట్టాను.

"మీ తమ్ముడుగారు ఖాళీ చేయించారటగా. ఎవరి ముఖమూ చూడకుండా సామాను ఆటోలో వేసుకుని పోయిందట. నలుగురూ దొంగతనం చేసిందేమో అనుకుంటున్నారు" అని చెప్పి చిన్నమ్మాయి వెళ్లిపోయింది. నేను అప్పట్నుంచీ ఇదే కుర్చీలో ఉన్నాను.

నిన్నెవరు చెయ్యమన్నారురా? నేను ఏడుస్తూ రాశాను, పంపించెయ్యమని రాశానా? అంతలోనే అనిపిస్తుంది, నా ఉత్తరం చదివి నువ్వు ఇంకేం చేస్తావు. నిన్ను తిట్టడానికి కూడా నాకు నోరు లేకుండా పోయింది. వెంకటరాజుగారిని అడిగాను, వాటా ఇంకొకళ్లకి ఇచ్చేశారట.

ఆవిడ ఎక్కడుందో నాకు తెలియదు. తెలుసుకుని రాయి. నీకు ఫోనుంది కదా.

ప్రసన్నకుమారి


జంగారెడ్డిగూడెం,
26 సెప్టెంబరు 2025

అక్కా,

కూర్చునే చదివాను. లేవడానికి చాలాసేపు పట్టింది.

క్రిస్టినాకి పైకి చదివి వినిపిస్తుంటే మధ్యలో కాగితం తీసుకుని మిగతాది తను చదివింది. చదివి ఒకే మాట అంది. "ఆ పెద్దావిడని దొంగని చేశాం కదండీ" అంది. నేను నా వైపు చెప్పుకోవాలని చూశాను. ఎవరో విప్పి నేర్చుకుంటారని ఎవరు కలగన్నారు, చెప్పి విప్పాలి కదా అన్నాను. "చెప్పింది, ఒదినకి వినపడలేదు" అంది.

వెంకటరాజుగారికి ఫోన్ చేశాను. వాటాలో భీమవరం రొయ్యల మేత కంపెనీ కుర్రాళ్లు దిగారు, ఇప్పుడు కదపలేను అన్నాడు. "ఆరోజు మీరే కదండీ అరిచారు" అని కూడా అన్నాడు. పడ్డాను. చిన్నమ్మాయి నంబరు పట్టుకుని అడిగాను, ఈలోపల తనూ వాకబు చేసిందట. అచ్చాయమ్మగారు ఏరు దాటి సఖినేటిపల్లిలో చెల్లెలింట్లో ఉందట. రేవు దిగి లేసు అచ్చాయమ్మ అంటే చూపిస్తారట. నేనొస్తానక్కా, కాళ్లు పట్టుకోమన్నా పట్టుకుంటాను.

నీకెప్పుడూ చెప్పని మాటొకటి. నువ్వు పెళ్లొద్దన్నావు, మా ఇంటికి రానన్నావు, చుట్టాలొస్తే లోపలి గదిలో కూర్చుని మడుచుకునేదానివి. నీకు మనుషులతో పని లేదనుకున్నాను. నీ గుమ్మంలోకి ఎవర్నీ రానివ్వకుండా చూడడమే నిన్ను చూసుకోవడం అనుకున్నాను. ఆవిడ రాని రోజు గుమ్మం వైపు చూశానని నువ్వు రాశావు. ఆ ఉత్తరం మళ్లీ తీసి చూశాను. కత్తెరపడిన చోటే ఉంది ఆ వాక్యం. నేను చదివీ చదవనట్టు పోయాను.

ఏం చెయ్యమంటే అది చేస్తాను. ఏమీ చెయ్యొద్దంటే అదే చేస్తాను, నాకది కష్టమైనా.

రమేష్ బాబు


నరసాపురం,
8 అక్టోబరు 2025

తమ్ముడూ,

ఏమీ చెయ్యకుండా ఉన్నందుకు బతికించావు. నువ్వొచ్చి ఉంటే నీ అరుపులకి ఆవిడ ఇంకో ఊరు వెళ్లిపోయేది.

గోదారి జోరుగా ఉందని ఏరు దాటించే పంటు కొన్నాళ్లు ఆపేశారు. రోజూ రేవుకి వెళ్లడం, అవతలి గట్టు చూసి రావడం. మొన్న వదిలారు. పంటు మీద మోటారు సైకిళ్ల మధ్య నిలబడి, చెప్పాల్సిన మాట నెమరేసుకుంటూ వెళ్లాను. "మా తమ్ముడు చేశాడండీ, నాకు తెలియదండీ" అని. అవతల దిగేదాకా అదే అనుకున్నాను.

అచ్చాయమ్మ వాకిట్లో అల్లుకుంటోంది. నన్ను చూసింది, లేవలేదు. కూర్చోమనలేదు. చేతిలో సూది ఆగింది, అంతే. అనుకున్న మాట నోటికి రాలేదు రమేషూ. "నేనే ఖాళీ చేయించానండీ" అనేశాను. నీ పేరు ఎత్తలేదు. ఆవిడ తల దించుకుని మళ్లీ అల్లుకోవడం మొదలెట్టింది.

సంచిలోంచి పువ్వు తీశాను. ఆవిడ చాప మీద కత్తెర ఉంటే తీసుకుని నా ముడి నేనే కోశాను. కొస వేలికి చుట్టుకుని లాగబోతే నా చెయ్యి కదల్లేదు. పుట్టి బుద్ధెరిగాక నేను మడత బిగించడమే గానీ ఒకళ్ల పని విప్పింది లేదు. గట్టిగా కళ్లు మూసుకుని లాగాను. ఒక వరస బొలబొలా వచ్చేసింది. అంత తేలిగ్గా వస్తుందని నాకు తెలియదు. మళ్లీ లాగాను. పువ్వు నా చేతిలో తరిగిపోతుంటే ఏడుపాగలేదు. ఎలా అల్లిందో చూడాలి కదా, నేను కన్నీళ్లలో ఏమీ చూడలేదు. సగం విప్పేసరికి ఆవిడ చెయ్యి నా చేతి మీద పడింది. తన సూది తీసి నా వేళ్ల మధ్య పెట్టి, వేళ్లు మూసి, నా ముఖానికి ఎదురుగా వచ్చి, నేను చదువుకునేలా పెదాలు నిదానంగా కదిపింది. "ఇక్కణ్ణుంచి నువ్వల్లు" అంది. నువ్వు అంది. అమ్మ పోయాక నన్ను నువ్వన్న ఆడమనిషి ఇంకొకరు లేరు, క్రిస్టినా కూడా మీరనే అంటుంది.

అల్లాను. కోడి కెలికినట్టు వచ్చింది. ఆవిడ దాన్ని తిప్పి తిప్పి చూసి, చెల్లెల్ని పిలిచి చూపించి, ఇద్దరూ పడి పడి నవ్వారు. నాకు రోషం రాలేదు.

తర్వాత లోపలికెళ్లి ఒక చేపని తెచ్చింది. దారం ఉండలు చుట్టి వచ్చే ముతక గోధుమరంగు కాగితంతో మడిచింది. నా దగ్గర్నుంచి వెళ్లాక, జ్ఞాపకం మీద మడిచిందట. నేను గెంటేశాక, రమేషూ, వీధిలో దొంగ అనిపించుకున్నాక. పొలుసులు వరస తప్పాయి, మూతి వెడల్పై మీసాలొక్కటే తక్కువ. "ఇది పులస కాదు, జెల్ల చేప" అన్నాను. ఆవిడ నా వీపు మీద ఒక్కటిచ్చింది.

అప్పుడు నా చూపు తోక మీద పడింది. తోక దగ్గర ఉబ్బు ఉంది. నాకెక్కడ లేచేదో అక్కడే, అంతే ఎత్తున. ఆ ముతక కాగితంలో అది దానంతటది రాదు, పని కట్టుకుని తెప్పించాలి. నేను రోజూ తిట్టుకున్న నా తప్పుని ఆవిడ ఎన్నిసార్లు విప్పి మడిచి పట్టుకుందో. వేలు పెట్టి, ఇదెందుకు అన్నాను.

"నీ చేపకి ఉందిగా" అంది.

నొక్కబోయిన వేలు వెనక్కి తీసుకున్నాను.

ఆవిడ ఇటు రానంది, మళ్లీ ఆ వీధి ముఖం చూడలేనంది. నేను బతిమాలలేదు. వారానికి రెండుసార్లు పంటెక్కి నేనే వెళ్తాను. శివరామకృష్ణగారికి ఈ ఏడు పులస రాదని కార్డు రాశాను. పులస కదా, వచ్చే ఏడు గోదారి కొత్తనీటికి అదే ఎదురెక్కుతుంది. బుల్లబ్బాయికి కారు వద్దని చెప్పు.

ఇంట్లో రాసిన ఈ ఉత్తరం పట్టుకుని మళ్లీ పంటెక్కాను, ఈ కొస మాటలు అచ్చాయమ్మ వాకిట్లో రాస్తున్నాను, మడిచేది ఆవిడే. ఖాళీ చేయించింది నువ్వని ఆవిడకి ముందే తెలుసట, వెంకటరాజుగారే చెప్పారట. నేను అబద్ధమాడినా ఊరుకుంది. నిన్నేమీ అనలేదు, ఈ కాగితం తీసుకుని జెల్లలా మడుస్తానంది. కత్తెర పెట్టకు. ఎక్కడ మొదలెట్టాలో తెలియకపోతే తెలిసేదాకా చూస్తూ కూర్చో.

అక్క


జంగారెడ్డిగూడెం,
15 అక్టోబరు 2025

అక్కా,

ఇది నీ ఉత్తరం వెనకే రాస్తున్నాను, కొత్త కాగితం కాదు.

ఆదివారం చర్చినుంచి వచ్చి, నేనూ క్రిస్టినా ఆ చేపని మధ్యలో పెట్టుకుని కూర్చున్నాం. కత్తెర నేనే అటక మీద పారేశాను. పొట్ట దగ్గర మొదలెట్టాలని క్రిస్టినా కనిపెట్టింది. ఒక్కో మడతా విప్పి, ఎటు వంగిందో చూసుకుని, మళ్లీ మూసి, మళ్లీ విప్పాం. భోజనం వేళ దాటిపోయింది, ఆకలి గుర్తు రాలేదు. ఇన్నేళ్లూ నువ్వు పంపినవాటిలో ఇంత పని ఉందని నాకు తెలియదక్కా. ఎన్ని కోసి పారేశామో.

మడవడం మాత్రం సాయంత్రందాకా కుదరలేదు. తోక దగ్గర ఉబ్బు అసలు రాలేదు. నాకు చదునుగానే వస్తోంది. బాగానే ఉంది కదా, వదిలెయ్యండి అంది క్రిస్టినా. నేను వదల్లేదు.

వచ్చింది. నీ దానికంటే పెద్దదిగానే వచ్చింది. నువ్వు చదివాక ఈ చేపని మళ్లీ మడిచి, పంటెక్కి ఆవిడ చేతికిచ్చి, విప్పమని చెప్పు.

తమ్ముడు,
రమేష్ బాబు